కాశీబుగ్గ గృహస్థుడి గోడు

పలాస-కాశీబుగ్గ పురపాలక సంఘం పరిధిలో సొంత ఇల్లు కలిగి, ఇంటిపన్నూ నీటిపన్నూ బకాయి లేకుండా చెల్లిస్తూ, జీడిపప్పు ఫ్యాక్టరీలో పద్దులు రాసి రాసి కళ్లజోడు నంబరు పెంచుకుని ఇంటిపట్టున ఉంటున్న గృహస్థుడను. పాఠక మహాశయుల సముఖానికి సవినయంగా విన్నవించుకునేది ఏమనగా, మా ఊళ్లో భాషలు ఎక్కువైపోయాయి. వీధి కుళాయి రాకపోతే అడగడానికి మునిసిపాలిటీ ఉంది. బండి ఆలస్యమైతే నిలదీయడానికి స్టేషను మాస్టరున్నాడు. ఇంట్లో భాషలు ఎక్కువై సంసారికి ఊపిరాడకపోతే అర్జీ ఎక్కడ పెట్టుకోవాలో ఏ ఆఫీసు గోడ మీదా రాసి లేదు. అందుకని మీకే పెట్టుకుంటున్నాను.

మొదటి నష్టం, గుట్టు లేకపోవడం. మిగతా ఆంధ్రదేశంలో మొగుడూ పెళ్లాలకు ఓ సదుపాయం ఉంది. పిల్లల ముందు డబ్బు సంగతి మాట్లాడాలంటే ఇంగ్లీషులోకి దిగుతారు, పరాయి ఊళ్లో బేరం దగ్గర తెలుగులోకి దిగుతారు. మాకు దిగడానికి మెట్టే లేదు. తెలుగు అందరికీ వచ్చు. ఒడియా చాలామందికి వచ్చు, రానివాళ్లకు అర్థమవుతుంది. హిందీ ఢిల్లీ షావుకార్లతో పప్పు బేరం దగ్గర పట్టుబడింది. ఇంగ్లీషు నా మనవడి వయసు వాళ్లందరి నోళ్లలోనూ ఉంది. ఇక మేం రహస్యం మాట్లాడుకోవాలంటే సంస్కృతం నేర్చుకోవాలి, దానికీ పక్కింట్లో పురోహితుడు ఉన్నాడు.

మంచినీళ్లపేట వైపు నుంచి గంపతో చేపలు తెచ్చే అమ్మ ఉంది. ఓ ఆదివారం వంజరం ముక్కకి ఆవిడ చెప్పిన ధర విని గుండె జారి, మా ఆవిడతో ఒడియాలో అన్నాను: "బొహుత్ దామొ కొహుచ్చి", అంటే చాలా ధర చెబుతోంది, లోపలికి పద, అదే తగ్గుతుంది అని. ఆవిడ గంప మీద గోనె సర్దుకుంటూ, "దామెక్కువేటి బావూ? మీరే సముద్రంలోకెల్లి అట్టుకొచ్చీయండి, ఊరికే తినీయండి" అంది. మా ఆవిడ నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్లిపోయింది. చేపలమ్మ అడిగిన ధరే ఇచ్చాను. ఆవిడ మొగుడు అండమాన్‌లో పని చేస్తాడట, పోర్ట్‌బ్లెయిర్‌లో మా తీరం వాళ్లు వీధులకు వీధులున్నారు. ఆవిడకు హిందీ వచ్చు, బెంగాలీ వచ్చు. నాకు బెంగాలీ రాదు. మా వీధిలో అక్షరాలొచ్చినవాణ్ణి నేనూ, భాషలొచ్చినది ఆవిడా. పద్దు అక్కడే తేలదు.

ఇక మా ఆవిడ. ఆవిడది పర్లాకిమిడి. అచ్చమైన తెలుగు ఇల్లే, గోత్రం చెబితే మూడు తరాలు కలుస్తాయి. కానీ బడి ఒడియా బడి. తెలుగు గలగలా మాట్లాడుతుంది, రాయమంటే ఒడియా లిపిలో రాస్తుంది. పర్లాకిమిడిలోనూ బరంపురంలోనూ ఇలాంటి తెలుగువాళ్లు బోలెడంతమంది: ఇంట్లో తెలుగు, పలక మీద ఒడియా. వంట సరుకుల చీటీ ఆవిడే రాస్తుంది. మాట మనదే, అక్షరం వాళ్లది. దూరం నుంచి చూస్తే రెండు లిపులూ అన్నదమ్ముల్లా గుండ్రంగానే ఉంటాయి. తాటాకు మీద గంటంతో గీతలు లాగితే ఆకు చిరుగుతుందని మన పూర్వీకులూ వాళ్ల పూర్వీకులూ ఒకేలా సున్నాలు చుట్టారని పెద్దలు చెబుతారు. దగ్గరికి తెచ్చుకుని చదవబోతే ఒక్క అక్షరం కూడా నాకు లొంగదు.

ఆ చీటీ పట్టుకుని నేను కిరాణా కొట్టుకు వెళతాను. కొట్టు ఆయన సోంపేట దగ్గర ఊరివాడు, ఇంట్లో ఒడియా మాట్లాడతాడు. చీటీ చదువుకుని ముసిముసిగా నవ్వి సరుకులు కడతాడు. అద్దాల బీరువాలో మందస కోవా కనిపిస్తూనే ఉంటుంది. "ఓ పావుకిలో కట్టు" అంటే "అది ఆర్డరు సరుకు బావూ" అంటాడు. ఎప్పుడు అడిగినా ఆర్డరే. ఊళ్లో అందరూ నాకంటే ముందు ఆర్డరు ఎలా ఇస్తున్నారా అని చాలాకాలం ఆశ్చర్యపోయాను. చివరికి కొట్లో పనిచేసే కుర్రాడు చీటీ అడుగు వరుస పైకి చదివాడు: "ఈయన కోవా అడిగితే లేదనండి, షుగరు పెరిగింది." నా మీద ఆంక్ష నేనే జేబులో పెట్టుకుని, నడిచి వెళ్లి, అందించి, సంచీ మోసుకుంటూ వస్తున్నానన్నమాట. ఏ న్యాయస్థానం ఇలాంటి శిక్ష వేసింది?

ఈ దుస్థితికి మూలం వెతికితే 1936 ఏప్రిల్ 1 దగ్గర తేలింది. ఆ రోజు ఒడిశా రాష్ట్రం పుట్టింది. అంతకుముందు మేమందరం మద్రాసు రాజధానిలో గంజాం జిల్లా ప్రజలం, ఛత్రపురం మాకు జిల్లా కేంద్రం. పర్లాకిమిడి రాజావారు కృష్ణచంద్ర గజపతి 1930లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లి ఒడిశా కోసం వాదించి వచ్చారు. గీత గీసేసరికి ఆయన జమీందారీ మధ్య నుంచే పోయింది, పట్నం అటు, కొన్ని ఊళ్లు ఇటు. మా తాత గంజాం జిల్లాలో పుట్టాడు. మా నాన్నకు బుద్ధి తెలిసేసరికి విశాఖపట్నం జిల్లా. 1950 ఆగస్టు 15 నుంచి శ్రీకాకుళం జిల్లా. ముగ్గురం ఒకే ఇంట్లో, ఒకే నూతి నీళ్లు తాగాం, ఎవరూ గడప దాటి సామాను సర్దలేదు. 2022లో పలాస రెవెన్యూ డివిజను కూడా అయింది. ఇల్లు మాత్రం కారడం ఆపలేదు.

గీత పడ్డా పెళ్లిళ్లు ఆగలేదు. పర్లాకిమిడి సంస్థానం పుణ్యమా అని 1900 నుంచి నౌపడ - పర్లాకిమిడి చిన్న బండి ఉండేది. నౌపడలో ఉప్పు మడులు చూస్తూ ఎక్కి, టెక్కలి దాటి, కిటికీలోంచి చెయ్యి చాచి కంచె మీద దొండకాయలు కోసుకునేంత వేగంతో మా పెళ్లివారం వెళ్లాం. ఇప్పుడది పెద్ద లైను అయింది. నాకు పిల్లనిచ్చిన మామగారు చివరిదాకా ఒకే మాట: "నేను ఒడిశా వెళ్లలేదు బాబూ, ఒడిశాయే నా ఇంటికొచ్చింది." మంచి మనిషి. కానీ ఒడిశాతో పాటు దాని పంచాంగం కూడా నా ఇంటికి పంపిస్తారని పెళ్లిచూపుల్లో చెప్పలేదు.

రెండో నష్టం ఇదే, పండగలు. మాకు ఉగాది ఉంది. పచ్చడి తిన్నాం, పంచాంగం విన్నాం, కొత్త బట్టలు కొన్నాం, సంవత్సరం మొదలైంది అనుకునేలోపు ఏప్రిల్ మధ్యలో పణా సంక్రాంతి వస్తుంది, ఒడియా సంవత్సరాది. మళ్లీ పానకం, మళ్లీ బట్టలు. ఇంకో కొత్త సంవత్సరం జనవరిలోనే అయిపోయింది, దానికి కేకు ఖర్చు మనవడి ఖాతా. ఒకే ఏడాదికి మూడుసార్లు వయసు మీద పడుతోంది.

అయినా అది సహించాను. జూన్ నడిమికి వచ్చే రొజొ పండగ ముందు నా ఓర్పు చాలదు. మూడు రోజులు భూదేవికి విశ్రాంతి, నేల దున్నకూడదు, ఆడవాళ్లు పొయ్యి జోలికీ రోలు జోలికీ పోకూడదు, పారాణి పెట్టుకుని ఉయ్యాలలూగాలి. ఎంత గొప్ప ఆచారం! విన్నప్పుడు నేనే మెచ్చుకున్నాను. మోకాళ్ల నొప్పులని గుడి మెట్లు ఎక్కని మా ఆవిడ ఆ మూడు రోజులూ పెరట్లో కొబ్బరిచెట్ల మధ్య కట్టించిన ఉయ్యాల మీద పదహారేళ్ల పిల్లలా ఊగుతూ, "ఏటండీ, పప్పులో ఉప్పేశారా?" అని కేకేస్తుంది. "మనం తెలుగువాళ్లం కదే" అన్నానొకసారి. "ఉగాదికి తెలుగుదాన్నే, అప్పుడు వండలేదా?" అంది. కార్తీకంలో మనం సోమవారాలు చేస్తాం, వాళ్లు చివరి అయిదు రోజులు పంచుక అని చేపా గుడ్డూ ముట్టరు. మా ఇంట్లో రెండూ నడుస్తాయి. రెండు భాషలు తెలిసిన ఇంట్లో రెండు భాషల ఉపవాసాలుంటాయని ఏ విద్యావేత్తా ముందుగా హెచ్చరించడు.

ఇంతవరకు చెప్పినవి సంసారంలో ఉండే కష్టాలే, నవ్వుకుని ఊరుకోవచ్చు. నా అసలు ఫిర్యాదు వేరే ఉంది. జీడిపప్పు తెలిసినవాడిగా చెబుతాను. పప్పును గ్రేడు కట్టేటప్పుడు పౌను బరువుకు ఎన్ని గింజలు తూగితే అది దాని నంబరు. డబ్ల్యూ 180 అంటే రాజు, లావుపాటి తెల్లటి గింజ. తర్వాత 210, 240, 320. విరిగితే బద్ద, ఇంకా విరిగితే ముక్క, ధర దిగిపోతుంది. పాయసంలో వేశాక నాలుకకు ఏ తేడా తెలియదు. మా ఇంట్లో, వీధిలో, ఊళ్లో భాషలకు కూడా ఇలాగే గ్రేడు కట్టారు. ఇంగ్లీషు 180. విజయవాడ తెలుగు 240. ఒడియా ఇచ్ఛాపురం వంతెన అటు దాటితే రాజు, ఇటు దాటితే చూపు తగ్గుతుంది. మేం మాట్లాడే తెలుగు ముక్క. ఇక కొండల్లోని సవర గిరిజనుల మాటను ఎవరూ తక్కెడ దాకా తీసుకురారు.

మా కోడలు విజయవాడ పిల్ల. నాకు కాఫీలో చక్కెర ఎంతో కొలిచి ఇచ్చే బంగారు తల్లి. కానీ మనవడు పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి "తాతా, నానొచ్చీసినాను" అంటే ఆవిడ ముఖం వాడిపోతుంది. "మావయ్యగారూ, వీడు సెలవలకి మా అమ్మగారింటికి వెళితే అందరూ చుట్టూ చేరి మాట్లాడించుకుని నవ్వుతున్నారండి" అంటుంది. ఆ మాట అబద్ధం కాదు. మన సినిమాల్లో ఈ యాస ఎవరికి ఇస్తారో చూడండి. పనివాడికి, వాచ్‌మనుకి, దెబ్బలు తినేవాడికి. హీరో మాత్రం ఎచ్చెర్లలో పుట్టినా కృష్ణా తీరం మాటే మాట్లాడతాడు. బడివాళ్లు కూడా ఓ చీటీ పంపారు, పిల్లవాడు "ఇంటి భాష" ఎక్కువ వాడుతున్నాడని. ఇంట్లో ఉండేవాడు ఇంటి భాష కాక బజారు భాష వాడతాడా? చీటీ ఇంగ్లీషులో ఉంది కాబట్టి జవాబు నేను రాయలేదు, కోడలు రాసింది, క్షమించమని.

ఆ బడిలోనే ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేశారు. ఆ రోజు గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి. ఆయన 1863లో మా జిల్లాలోనే ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పర్లాకిమిడిలో పంతులు ఉద్యోగం. జనం నోట ఉన్న తెలుగులోనే పుస్తకాలూ పాఠాలూ ఉండాలని గ్రాంథికవాదుల మీద జీవితమంతా పోరాడిన మనిషి. అలాంటాయన మీద మావాడికిచ్చిన ప్రసంగ పాఠం చూస్తే నాకు కళ్లు తిరిగాయి. మొదటి వాక్యం ఊపిరి తీసుకోకుండా అయిదు వరుసలుంది. పదాలన్నీ ఒకదాని తోక ఒకటి పట్టుకుని సమాసాలై పోయాయి. ఏ కోట మీద పంతులుగారు జీవితమంతా రాళ్లు రువ్వారో, ఆ కోటలోంచే ఆయనకు దండ వేస్తున్నారు.

వారం రోజులు ఇల్లంతా మోగింది. "నిగళచ్ఛేదనము" దగ్గర మావాడి నాలుక రోజూ జారేది. కోడలు సరిదిద్దేది, మా ఆవిడ జాలిపడేది, నేను పేపరు అడ్డం పెట్టుకునేవాణ్ణి. తీరా ఆ రోజు వేదిక ఎక్కి మొదటి రెండు వాక్యాలు గడగడా అప్పగించాడు. మూడో దాంట్లో ఆగిపోయాడు. ముందు వరుసలో నన్ను చూశాడు. చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని, "గిడుగు పంతులుగారు మనూరి పక్కోడే. మనం ఎలాగ మాటాడతామో అలాగే రాయాలని సెప్పినాడు. మా తాత సెప్పినాడు ఇది" అన్నాడు. సభ ఘొల్లుమంది. చప్పట్లు మోగిపోయాయి. వక్తృత్వంలో బహుమతి రాలేదు గానీ, ఏకపాత్రాభినయం కింద ప్రోత్సాహక బహుమతి ఇచ్చారు. వాడు అభినయించలేదండీ, మాట్లాడాడు. ఆ తేడా చెప్పడానికి నేను లేచి నిలబడితే, పక్కనాయన "కూర్చోండి, ఫొటో తీస్తున్నారు" అన్నాడు.

పంతులుగారి గురించి ఇంకో సంగతి ఆ ప్రసంగ పాఠంలో లేదు. పర్లాకిమిడి కొండల్లో సవరలను చూసి, వాళ్ల మాట తెలిసినవాణ్ణి ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవర భాషలో వాచకాలు రాశారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే ఆ డబ్బుతో సవర పిల్లలకు బడి పెట్టమన్నారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో మద్రాసులో అచ్చయ్యాయి. 1936లో పర్లాకిమిడి ఒడిశాకు వెళ్లిందని నొచ్చుకుని రాజమండ్రి వచ్చేశారు. అదే 1936లో గుణుపురం వైపు మంగై గొమాంగో అనే సవర పెద్ద తమ భాషకు సొంత లిపి, సొరాంగ్ సొంపెంగ్, తయారు చేశాడు. తెలుగువాళ్లూ ఒడియావాళ్లూ గీత ఎటు పోవాలో తన్నుకుంటున్న ఏడాదిలోనే, రెండు పక్షాలూ లెక్కలోకి తీసుకోనివాళ్లు అక్షరాలు చేసుకున్నారు.

మందస కొండల నుంచి సవర ఆడవాళ్లు చింతపండు, పసుపు, అనాసపళ్లు, చీపుళ్లు పట్టుకుని సంతకు వస్తారు. వాళ్లలో వాళ్లు సవరలో మాట్లాడుకుంటారు. నాతో తెలుగులో బేరం చేస్తారు. మా ఆవిడతో ఒడియాలో బేరం చేసి నాకంటే తక్కువ ధరకు రెండు చీపుళ్లు ఇస్తారు, అదీ నా గ్రహచారం. మూడు భాషలు, మూడూ పుస్తకం తెరవకుండా. మా మనవడు రెండు భాషల్లో పళ్ల పేర్లు చెబితే బడివాళ్లు ధ్రువపత్రం ఇస్తారు, కోడలు గోడకు తగిలిస్తుంది. చీపుళ్లమ్మ మూడు భాషల్లో లెక్క తేల్చి చిల్లర కూడా సరిగ్గా ఇస్తే, "పాపం, వీళ్లకి భాష రాదు" అంటారు మా వీధి చదువుకున్నవాళ్లు. ఏ భాష రాదో మాత్రం చెప్పరు.

పోనీ, మాకంటే కింద ఒకరున్నారని సంతోషపడదామా అంటే, మా పైన ఉన్నవాళ్లు ఊరుకోరు. విజయవాడ పెళ్లిలో వియ్యంకుడి తరఫు పెద్దమనిషి నా మాట విని, "మీరు ఒడియావాళ్లా?" అని ఎంతో మర్యాదగా అడిగాడు. బరంపురంలో మా ఆవిడ మేనమామ ఇంటికి వెళితే, వీధి చివర టీ కొట్టువాడు నా ఒడియా విని "తెలుగు బాబు" అని తేల్చేశాడు. ఆ బరంపురం ఎంత తెలుగు ఊరో వాడికి నేను చెప్పాలి. రాష్ట్రపతి అయిన వి.వి.గిరి 1894లో అక్కడే పుట్టారు. చెప్పాను కూడా. "ఆయన పెద్దవాడు బాబూ, టీ చల్లారిపోతోంది" అన్నాడు. రైల్వేవాళ్లకు కూడా మా ఊరే హద్దుగా దొరికింది. పలాసకు ఉత్తరాన మందస రోడ్డు, సోంపేట, ఇచ్ఛాపురం అన్నీ ఆంధ్రాలోవే, డివిజను మాత్రం ఒడిశాలోని ఖుర్దారోడ్డు. 2025లో విశాఖ డివిజనుకు కొత్త హద్దులు చెప్పినప్పుడూ గీత పలాస దగ్గరే ఆగింది. 2008లో తెలుగుకు, 2014లో ఒడియాకు ప్రాచీన భాష హోదా వచ్చింది. రెండు ప్రాచీన భాషలు తెలిసిన మా ఇంటికి ఏ హోదా వచ్చిందీ నా దృష్టికి రాలేదు.

పిల్లల చదువు దగ్గర మాత్రం రెండు పక్షాలూ రాజీపడ్డాయి. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు ప్రభుత్వ ఒడియా బడులున్నాయి. ఇంట్లో ఒడియా మాట్లాడే కిరాణా కొట్టు ఆయనా, ఆయన తమ్ముడూ పిల్లల్ని ఒడియాలో చదివించాలా తెలుగులోనా అని కొట్టు మూసేదాకా వాదించుకునేవారు. ఉద్యోగం ఇక్కడైతే తెలుగు, పెళ్లి అక్కడైతే ఒడియా అని లెక్కలు వేసేవారు. 2019 నవంబరులో ప్రభుత్వం బడుల్లో ఇంగ్లీషు మీడియం అని ఉత్తర్వు ఇచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ వ్యాజ్యం సంగతి అన్నదమ్ములు పట్టించుకోలేదు. ఎందుకంటే అప్పటికే ఇద్దరూ తమ పిల్లల్ని తీసుకెళ్లి ప్రైవేటు ఇంగ్లీషు బడిలో ఫీజు కట్టేశారు. తెలుగు గెలవలేదు, ఒడియా గెలవలేదు, వాదన ముగిసింది. ఇప్పుడా పిల్లలు మూడు భాషల్లోనూ పద్దు రాయలేరు, సెల్‌ఫోన్ రాస్తుంది.

ఇక ప్రార్థన. జనాభా లెక్కల ఫారంలో మాతృభాషకు ఒక గడి, తెలిసిన ఇతర భాషలకు రెండు గళ్లు ఉంటాయి. 2011లో వచ్చిన మాస్టారు మా ఇంట్లో చాలా నలిగిపోయారు. మా ఆవిడ మాతృభాష తెలుగు అంది, సంతకం ఒడియాలో పెట్టింది. నేను తెలుగు, ఒడియా, హిందీ చెప్పి, జీడిపప్పు కాగితాల ఇంగ్లీషు ఎక్కడ రాయాలని అడిగాను, చోటు లేదన్నారు. అప్పటికి పుట్టని మనవడు ఈసారి తయారుగా ఉన్నాడు. మాతృభాష ఏంట్రా అంటే "అమ్మది చెప్పాలా, తాతది చెప్పాలా?" అంటున్నాడు. ఆ మూడు గళ్లూ కొట్టివేతలు లేకుండా నిండేది మందస కొండ మీద చీపుళ్లమ్మ ఇంట్లోనే: సవర, ఒడియా, తెలుగు.

కాబట్టి 2027 లెక్కలకు మా వీధికి వచ్చే అధికారిగారికి మనవి. మా ఇంటికి పెందలాడే రండి, టిఫిను చేసే రండి. భాషల గడి దాకా రావడానికే పొద్దెక్కుతుంది. ఎందుకంటే దానికి ముందు "కుటుంబ పెద్ద పేరు" అని ఇంకో గడి ఉంటుంది. దాన్ని మీరు ఏ భాషలో అడిగినా మా ఇంట్లో జవాబు ఒక్కటే వస్తుంది, అది నా పేరు కాదు.